కాలు కింద పెట్టకుండా పదమూడు మిట్టలు: పిట్స్‌బర్గ్ డర్టీ డజన్‌కి తయారయ్యేదెలా

మా ఊరి హైస్కూల్లో ఆగస్టు పదిహేనుకి పెట్టే ఆటల్లో జనం ఎగబడి చూసేది స్లో సైకిల్ రేసు. అందరికన్నా వెనక వచ్చినవాడే గెలిచినట్టు. కాలు నేలకి తగిలిందా, ఔట్. ఎనిమిదో తరగతిలో అందులో రెండో స్థానం కొట్టి స్టీలు గ్లాసు తెచ్చుకున్నాను. గ్లాసు ఎప్పుడో పోయింది. ఆ విద్య మాత్రం ముప్పై ఏళ్ల తర్వాత అమెరికాలో, పిట్స్‌బర్గ్‌లో అక్కరకొచ్చింది.

ఈ ఊళ్లో డర్టీ డజన్ అని ఒక సైకిలు పోటీ జరుగుతుంది. ఊళ్లోకెల్లా నిటారుగా ఉండే 13 వీధులు ఒకే రోజు ఎక్కాలి. దూరం మొత్తం దాదాపు 80 కిలోమీటర్లు. అందులో అసలు పోటీ జరిగేది కొద్ది నిమిషాల చొప్పున ఆ 13 మిట్టల మీదే. ఇక్కడికి చదువుకో, ఉద్యోగానికో వచ్చిన మన పిల్లలు ప్రతి ఏడాదీ నన్నడిగేది ఒకటే: "అన్నా, ఎన్ని వాట్లు కావాలి?" వాట్లంటే కాళ్లు పెట్టే సత్తువకి కొలత, ఆ సంగతి కింద చెబుతాను. కానీ ఈ పోటీలో మొదటిసారి దిగేవాళ్లలో కాళ్లలో సత్తువ చాలక ఆగిపోయేవాళ్లకన్నా, నడక వేగంతో వెళ్తూ సైకిలు నిలపలేక ఆగిపోయేవాళ్లే ఎక్కువ. ఇదంతా ఆ రెండో రకం కోసం రాస్తున్నాను.

ముందు ఆట తెలుసుకోండి

దీన్ని 1983లో డానీ చ్యూ, ఆయన సోదరుడు టామ్, స్నేహితుడు బాబ్ గాట్లీబ్ మొదలుపెట్టారు. డానీ మామూలు సైక్లిస్టు కాదు. అమెరికాని ఒక తీరం నుంచి ఇంకో తీరానికి దాటే రేస్ అక్రాస్ అమెరికాని 1996లో, 1999లో గెలిచాడు. జీవితంలో పది లక్షల మైళ్లు తొక్కాలని లెక్క రాసుకుంటూ వచ్చాడు. 2016లో జరిగిన ప్రమాదంలో కాళ్లు చచ్చుబడ్డాక చేతులతో తొక్కే సైకిలు పట్టుకుని ఆ లెక్క కొనసాగించాడు. గుప్పెడుమందితో మొదలైన ఈ పోటీకి తర్వాత్తర్వాత వందలమంది రావడం మొదలైంది.

నియమాలు తేలికే. మిట్టకీ మిట్టకీ మధ్య అందరూ గుంపుగా, నింపాదిగా వెళ్తారు. అక్కడ ఎవరూ ఎవర్నీ దాటిపోనక్కర్లేదు. మిట్ట అడుగుకి చేరాక పోటీ మొదలు. ముందుగా పైకి చేరిన కొద్దిమందికి పాయింట్లు. మిగతా మనలాంటివాళ్లకి ఒకటే పని, ఆగకుండా, కాలు కింద పెట్టకుండా పైదాకా వెళ్లడం. మధ్యలో కాలు పెడితే ఆ మిట్ట లెక్కలోకి రాదు. మళ్లీ అడుగుకి దిగి మొదట్నుంచీ ఎక్కాలి. అచ్చం స్లో సైకిల్ రేసు నియమమే, కాకపోతే నేల అడ్డంగా లేచి నిలబడి ఉంటుంది.

సంప్రదాయంగా ఇది నవంబరు చివర్లో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ పండుగ తర్వాతి శనివారం జరిగేది. తేదీ, దారి ఏ ఏడాదికా ఏడాది సరిచూసుకోండి. మరమ్మతులుంటే ఒక వీధి బదులు ఇంకోటి పెడతారు. ఇంకో మాట, వీధులు మూసేసి జరిపే పోటీ కాదిది. కార్లు తిరుగుతూనే ఉంటాయి.

దారి: ఏ మిట్ట దగ్గర ఏం జాగ్రత్త

అలిగేనీ, మొనాంగహీలా నదులు కలిసి ఒహాయో నదిగా మారే చోట పుట్టిన ఊరు ఇది. నది ఒడ్డున ఉక్కు మిల్లులు, పైన కొండ చరియల మీద కార్మికుల ఇళ్లు. కొండ చుట్టూ తిప్పి రోడ్డు వేసే ఓపికా స్థలమూ లేక నేరుగా పైకి లాగేశారు. కొన్ని వీధులైతే పటంలో వీధిగానే కనిపిస్తాయి, తీరా వెళ్తే మెట్లు. ఇలాంటి మెట్ల దారులు ఊళ్లో 700కి పైగా ఉన్నాయి.

మన ఘాట్ రోడ్లతో పోల్చుకుంటే మోసపోతారు. తిరుమల ఘాట్ రోడ్డు వాలు సగటున 5 శాతం చుట్టుపక్కలే ఉంటుంది. అంటే వంద మీటర్లు ముందుకెళ్తే ఐదు మీటర్లు పైకి. పొడవు ఎక్కువ, వాలు తక్కువ. డర్టీ డజన్ మిట్టలు దానికి తలకిందులు. చాలావరకు కొన్ని వందల మీటర్లే, వాలు మాత్రం 20 శాతం దాటిపోతుంది. కాలినడకన కొండెక్కినవాళ్లకైతే ఒక్క మాట చాలు. ఇవి పదమూడు మోకాళ్ల మిట్టలు.

బయల్దేరేది వాషింగ్టన్ బొలివార్డ్ దగ్గరున్న సైకిలు ట్రాక్ నుంచి. హైలాండ్ పార్క్ వంతెన దాటి యాస్పిన్‌వాల్ వైపు వెళ్తే మొదటి మిట్ట, సెంటర్-గయసూటా. కాళ్లు చల్లగా ఉంటాయి, ఉత్సాహం వేడిగా ఉంటుంది, అందరూ ఇక్కడే ఎగబడతారు. మీరు ఎగబడకండి. తర్వాత రవీన్, బెర్రీహిల్, హై స్ట్రీట్, మిల్‌వేల్‌లో లోగన్ వరసగా వస్తాయి.

ఆరోది రియాల్టో. స్థానికులు దీన్ని పిగ్ హిల్ అంటారు. ఒకప్పుడు నది మధ్యలో ఉన్న హెర్స్ దీవి కబేళాలకి పందుల్ని ఈ వీధి గుండా తోలేవాళ్లట. 24 శాతం వాలు, గీత గీసినట్టు తిన్నగా పైకి. అడుగు నుంచే చివరి దాకా కనిపిస్తుంది. అదే దీని చిక్కు. పైకి చూడకండి, ముందు చక్రానికి మూడు మీటర్ల అవతల ఒక చోటు చూసుకుంటూ పోండి.

నార్త్ సైడ్‌లో ఏడోది, మూడు వీధులు కలిపి కుట్టినట్టుండే సఫోక్-హేజెల్టన్-బర్జెస్. అది దిగి నది దాటితే మౌంట్ వాషింగ్టన్ మీదికి సికమోర్. ఆ కొండ ఎక్కలేకే 1870లో జనం తాళ్లతో లాగే మొనాంగహీలా ఇంక్లైన్ రైలు వేసుకున్నారు. అది ఇప్పటికీ నడుస్తోంది. ఎక్కలేక దిగిపోయినప్పుడల్లా దాని వంక అసూయగా చూస్తుంటాను.

తొమ్మిదోది కాంటన్. దానికి కింద వేరే భాగం కేటాయించాను. పదోది బూస్టెడ్, కాంటన్ పక్క పేటలోనే. కాంటన్ అయిపోయిందన్న సంబరంలో ఉన్నవాళ్ల పని పడుతుంది ఇది. సౌత్ సైడ్ చరియల మీద వెల్ష్ వే ఒక సందు. గుంపులో చిక్కితే కదలడానికి చోటుండదు. పన్నెండోది బ్యారీ-హోల్ట్-ఎలినార్. ఇది తక్కినవాటికన్నా పొడవు, కాబట్టి సగం వరకు దాచుకుని తొక్కాలి. చివరిది హేజెల్‌వుడ్‌లో ఫ్లవర్స్ మీదుగా టెస్లా వీధి.

డజను అని పేరు పెట్టి పదమూడు ఎక్కించడమేమిటని అడక్కండి. కూరగాయల బండి దగ్గర కొసరు అడుగుతాం కదా, అలాగే అనుకోండి.

గేరు: డబ్బు ఖర్చు పెట్టదగ్గ ఒకే ఒక్క చోటు

ఇప్పుడు వాట్ల లెక్క. కాంటన్‌లో అన్నిటికన్నా నిటారైన ముక్క 37 శాతం. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలనుకుందాం. పెడల్ నిమిషానికి 40 చుట్లు తిరుగుతోందనుకుందాం. అంతకన్నా తగ్గితే కొత్తవాళ్లకి సైకిలు నిలవదు.

చైను తిరిగే పళ్ల చక్రాలకి ముందు 34 పళ్లు, వెనక 28 పళ్లు ఉంటే గంటకి 6 కిలోమీటర్ల వేగం వస్తుంది, ఒక్క బరువు ఎత్తడానికే దాదాపు 460 వాట్లు కావాలి. వెనక 34 పళ్లు పెడితే వేగం 5 కిలోమీటర్లు, 380 వాట్లు. అంటే మన ఇళ్లలో ట్యాంకుకి నీళ్లెక్కించే అర హెచ్‌పీ మోటారంత పని. వెనక 40 పళ్లయితే 4.3 కిలోమీటర్లు, 325 వాట్లు. ఆ వీధిలో రాళ్లు పరిచి ఉంటాయి, వాటి మీద చక్రం దొర్లే ఇబ్బంది దీనికి అదనం.

మొదటి ఏడాది నేను 28తోనే వెళ్లాను. "కాళ్లున్నాయిగా" అనుకున్నాను. కాళ్లు ఉన్నాయి, ఆరో మిట్ట వరకు. నా మాట విని, సరుకుల బిల్లు తగ్గించుకునైనా సరే, వెనక 34 కానీ అంతకన్నా పెద్దది కానీ వేయించుకోండి. పాయింట్ల కోసం కొట్లాడేవాళ్లు తేలిక గేర్లని చూసి నవ్వితే నవ్వనివ్వండి. మీరు వాళ్లతో పోటీ పడటం లేదు.

క్యాసెట్, అంటే వెనక పళ్ల చక్రాల గుత్తి, ఒక్కటే మార్చి ఊరుకుంటే సరిపోదు. పెద్ద పళ్ల చక్రానికి పొడవైన చైను కావాలి, చైనుని ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి జరిపే వెనక డీరైలర్‌కి అంత చైను సర్దుకునే శక్తి ఉండాలి. లేదంటే చైను ముందూ వెనకా పెద్ద పళ్ల చక్రాల మీదే పడ్డప్పుడు డీరైలర్ విరిగి ఊచల్లోకి పోతుంది. కొనే ముందు దుకాణంలో మీ డీరైలర్ ఎన్ని పళ్ల దాకా మోస్తుందో అడగండి. పోటీకి ముందురోజు మార్పులు చేయకండి. కొత్త చైను, కొత్త క్యాసెట్‌తో కనీసం రెండు వారాలు తొక్కి ఉండాలి.

టైర్లు 28 మిల్లీమీటర్లు తక్కువ కాకుండా, ఫ్రేములో పడితే 30, 32 ఇంకా మంచిది. మంచి రోడ్డు మీద ఎక్కించే గాలి రాళ్ల మీద పనికిరాదు, చక్రం రబ్బరు బంతిలా గెంతుతుంది. 70 కిలోల మనిషికి 28 టైరులో 60 పీఎస్ఐ చుట్టుపక్కల నాకు కుదిరింది. మీ బరువుకి తగ్గట్టు మీరే చూసుకోండి. బ్రేక్ ప్యాడ్లు కొత్తవి వేయించండి. ఎక్కినవన్నీ మళ్లీ దిగాలి మరి.

ఎనిమిది వారాల సాధన

వారానికి మూడు రోజులు చాలు, కానీ మూడూ వేరువేరు పనులు.

ఒక రోజు మిట్టల రోజు. రెండు మూడు నిమిషాల్లో ఎక్కగలిగే వీధి ఒకటి ఎంచుకుని నాలుగుసార్లతో మొదలుపెట్టి, వారానికొకటి పెంచుతూ ఎనిమిదికి తీసుకెళ్లండి. ప్రతిసారీ పూర్తిగా దిగి, ఊపిరి సర్దుకుని మళ్లీ ఎక్కాలి. మొదటిదీ చివరిదీ ఒకే వేగంతో రావాలన్నది గురి. మొదటిది చించేసి చివరిది పాకుతుంటే అది సాధన కాదు, ప్రదర్శన. ఇంకో రోజు సమంగా ఉన్న రోడ్డు మీదో, చిన్న వాలు మీదో బరువైన గేరు వేసి, సీట్లోంచి లేవకుండా నిమిషానికి 45, 50 చుట్లతో ఐదేసి నిమిషాలు తొక్కండి. మోకాలు నొప్పి పుడితే ఆపేయండి. ఆదివారం మూడు నాలుగు గంటల సవారీ, దారిలో ఎన్ని ఎత్తులు తగిలితే అన్ని.

పెన్ హిల్స్‌లో ఉండే వెంకటేశ్వర స్వామి గుడికి నేను ఆదివారాలు సైకిలు మీదే వెళ్తుంటాను. 1976లో ప్రతిష్ఠ జరిగిన ఆ గుడీ కొండ వాలునే ఉంది. పులిహోర ప్రసాదం దొరికే సాధన ఇంకెక్కడుంటుంది చెప్పండి.

హైదరాబాద్‌లో ఉండి సాధన చేసేవాళ్లకి బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్ లోపలి వీధులున్నాయి. విశాఖలో అయితే కైలాసగిరి, సింహాచలం. ఏదైనా తెల్లవారుజామున, బండ్లు మొదలవకముందే.

ఇక నాలుగోది, ఎవరూ చేయనిది: స్లో సైకిల్ రేసు. ఖాళీ పార్కింగ్ స్థలంలో రెండు గీతల మధ్య, ఒక కారు పట్టేంత వెడల్పులో, ఎంత నెమ్మదిగా వెళ్లగలరో వెళ్లండి. వారానికి రెండుసార్లు పది నిమిషాలు. తర్వాత అదే పని చిన్న వాలు మీద. హ్యాండిల్‌ని పిడికిలితో బిగించి పట్టుకుంటే పడిపోతారు, వేళ్లతో పట్టుకుంటే నిలబడతారు. చిన్నప్పుడు మనకెవరూ చెప్పకపోయినా ఒంటికి తెలిసిన సంగతే ఇది. పెద్దయ్యాక వేగం నేర్చుకుని మరిచిపోయాం.

అదయ్యాక వాలు మీద నిలిచిన చోటు నుంచి బయల్దేరడం. సైకిలుని రోడ్డుకి అడ్డంగా నిలబెట్టి, పెడల్ ఎక్కి, అర చుట్టు తిరిగాక హ్యాండిల్ పైకి తిప్పాలి. నిటారుగా పైకి చూస్తూ ఎక్కబోతే రెండో కాలు పెట్టేలోపే సైకిలు వెనక్కి జారుతుంది.

కాంటన్

బీచ్‌వ్యూ పేటలో ఉంది. వీధి పొడవు 190 మీటర్లు. 37 శాతం వాలున్నది అందులో ఆరున్నర మీటర్ల ముక్క. న్యూజిలాండ్‌లో పేరు మోసిన బాల్డ్విన్ వీధి 35 శాతమే. కాంటన్ ఎక్కేది తారు రోడ్డూ కాదు, రాళ్లు పరిచిన వీధి. రాయికీ రాయికీ మధ్య సందులు, వాటిలో ఆకులు, ముందు రాత్రి వాన పడితే జారుడు.

గంటకి 5 కిలోమీటర్ల లెక్కన ఆ ఆరున్నర మీటర్లు దాటడానికి పట్టేది ఐదు సెకన్లు. ఐదు సెకన్లు 380 వాట్లు సాధన చేసినవాళ్లలో చాలామంది తొక్కగలరు. మరెందుకు పడతారు? 37 శాతమంటే దాదాపు 20 డిగ్రీల కోణం. ఆ కోణంలో సీటు మీద మామూలుగా కూర్చుంటే మీ బరువు వెనక చక్రం నేలని తాకే చోటుకి దాదాపు సరిగ్గా పైన ఉంటుంది. పెడల్ గట్టిగా తొక్కారా, ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. భయపడి లేచి నిలబడి ముందుకి వాలారా, వెనక చక్రం మీద బరువు పోయి తడి రాయి మీద గిర్రున తిరుగుతుంది. ఈ రెంటికీ మధ్య మీకున్న చోటు జానెడు.

ఆ జానెడు ఎక్కడుందంటే: సీటు ముక్కు మీదికి జరగండి, కూర్చున్నట్టూ కాదు, లేచినట్టూ కాదు. మోచేతులు వంచి ఛాతీని హ్యాండిల్ మీదికి దించండి, గడ్డం ముందు చక్రం ఇరుసు మీదుగా ఉన్నట్టు అనిపించాలి. చేతులు పైకి లాగకూడదు, వెనక్కి, నడుము వైపు లాగాలి. పెడల్‌ని ఒక్క పోటు పొడవకండి, గానుగ తిప్పినట్టు ఒకే ఒత్తిడితో తిప్పండి. పోటు పడ్డ ప్రతిసారీ చక్రం జారుతుంది.

తేలిక గేరు, అంటే వెనక పెద్ద పళ్ల చక్రం, మిట్ట ఎక్కకముందే వేసుకోండి. వాలు మీద బరువు పెట్టి గేరు మారిస్తే చైను తెగుతుంది, లేదా లోపలికి పడిపోతుంది. రెండు చక్రాలూ రాళ్ల వరసకి అడ్డంగా వెళ్లేలా తిన్నని దారి ఒకటి ఎంచుకోండి. బియ్యం మూటల సైకిలుతో గట్టెక్కే మనిషిలా పాము మెలికలు తిరిగితే వాలు తగ్గుతుంది, నిజమే, తక్కిన మిట్టల మీద ఖాళీ ఉంటే తిరగండి. కానీ ఇక్కడ పక్కకి తిప్పగానే చక్రం సందులో దిగుతుంది, పైగా పక్కవాణ్ణి పడేస్తారు.

అన్నిటికన్నా ముఖ్యం, తొందరపడకండి. మీ ముందు ఎక్కేవాడు పడితే మీరూ ఆగినట్టే. అడుగున నిలబడి, ముందున్నవాళ్లు పైకి చేరో, పడి పక్కకి తొలగో దారి ఖాళీ అయ్యేదాకా చూడండి.

నా మొదటి ప్రయత్నంలో ఎవరో నా ముందు అడ్డంగా పడ్డాడు. రెండో దాంట్లో ముందు చక్రం లేచింది. బూటుని బిగించి పట్టుకునే క్లిప్పు పెడల్స్ నుంచి కాలు ఊడలేదు. చెట్టు నరికినట్టు పక్కకి ఒరిగాను. గట్టున నిలబడి ఆవు గంటలు మోగిస్తున్న ఒక పెద్దాయన సగం దారిలో నా భుజం పట్టుకున్నాడు కాబట్టి మోచేయి మిగిలింది. కిందికి దిగాక ఆయన చెప్పింది రెండే మాటలు: గాలి తీయి, ఆగు. రెండు టైర్లలో కాస్త గాలి వదిలాను. ఐదు నిమిషాలు నిలబడ్డాను. మూడోసారి పైన ఉన్నాను. ఎలా ఎక్కానో ఇప్పటికీ సరిగ్గా గుర్తులేదు, చెవుల్లో గంటల మోత తప్ప.

క్లిప్పు పెడల్స్ కొత్తయితే వాటి పట్టు బాగా వదులు చేసుకోండి. మామూలు పెడల్స్‌తో వచ్చి అన్నీ ఎక్కినవాళ్లూ ఉన్నారు, నామోషీ ఏమీ లేదు.

ఆ రోజు

నవంబరు చివర ఇక్కడ పొద్దున సున్నా డిగ్రీల దగ్గర ఉండొచ్చు. ఎక్కేటప్పుడు చెమట, పైన మిగతావాళ్ల కోసం నిలబడినప్పుడు వణుకు, దిగేటప్పుడు గాలి. మందపాటి కోటు ఒకటి కన్నా పల్చటివి రెండు మూడు మేలు. జేబులో మడిచి పెట్టుకునే గాలి ఆపే జాకెట్ ప్రతి మిట్ట పైనా తొడుక్కోండి. వేళ్లు మొద్దుబారితే బ్రేకు పట్టదు, కాబట్టి చేతి తొడుగుల దగ్గర పిసినారితనం వద్దు.

నిలబడే సమయంతో కలిపి ఐదారు గంటలు పడుతుంది. ప్రతి మిట్ట పైనా రెండు ముద్దలు ఏదో ఒకటి తినండి. ఆకలేసేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే. నేను వేరుశనగ చిక్కీ, అరటిపండ్లు పెట్టుకుంటాను. ఆవకాయ అన్నం డబ్బా తెచ్చిన తమ్ముడొకడున్నాడు. ఏడో మిట్ట పైన మూత తీస్తే చుట్టూ ఉన్న అమెరికన్లు సైకిళ్లు వదిలేసి చేరారు. అయితే ఎనిమిదో మిట్ట మీద ఆ ఆవకాయ తనని ఎంత బాధ పెట్టిందో వాడే చెప్పాలి.

దెబ్బలు ఎక్కేటప్పుడు తగిలేవి చిన్నవి. దిగేటప్పుడు తగిలేవే పెద్దవి. తడి ఆకుల మీద, ట్రామ్ పట్టాల మీద బ్రేకు వేయకండి. పట్టాలు దాటేటప్పుడు చక్రం వాటిని సరిగ్గా అడ్డంగా కోసినట్టు దాటాలి. బీచ్‌వ్యూలో పట్టాలున్నాయి, గుర్తుంచుకోండి. గుంపు వేగంగా పోతోందని మీరూ పోనక్కర్లేదు. కింద ఎలాగూ ఆగుతారు.

టెస్లా మీద చివరి వందమీటర్లలో జనం అరుస్తుంటారు, ఒంట్లో లేని ఊపు వస్తుంది, లేచి నిలబడి తొక్కాలనిపిస్తుంది. తొక్కండి, ఇక దాచుకోవాల్సింది లేదు. ఆగేముందు మాత్రం క్లిప్పులోంచి కాలు తీయడం మరిచిపోవద్దు. పదమూడు మిట్టలూ కాలు పెట్టకుండా ఎక్కి, అంతా అయిపోయాక, సమంగా ఉన్న నేల మీద ఫొటో కోసం నవ్వుతూ నిలబడి పక్కకి పడిపోయినవాడు ఒకడున్నాడు. ఆ ఫొటో మా ఇంట్లో ఫ్రిజ్ మీదే ఉంది.